గాలికి తడి అద్దిన తొట్టి

నేను ఒక నీళ్ళ తొట్టిని. పశువులు తాగే తొట్టిని కాను. రెండు గ్లాసుల నీళ్ళు పడితే నిండిపోతాను. ఒళ్ళంతా అద్దం లాంటి ప్లాస్టిక్కు, అడుగున మాత్రం పల్చటి రేకు. గురక జబ్బు ఉన్నవాళ్ళు పడుకునేటప్పుడు ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఒకటి ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీప్యాప్ అంటారు. ఆ మిషను పక్కన నేను కూర్చుంటాను. నా రేకు కింద వేడి పలక ఉంటుంది. నీళ్ళు గోరువెచ్చన అవుతాయి. మిషను ఊదే గాలి ఆ నీళ్ళ మీదుగా పోతూ కాస్త తడి పట్టుకుంటుంది. ఆ తడి ఇవ్వడమే నా పని. నీళ్ళు పోస్తే చేస్తాను, పొయ్యకపోతే చెయ్యను. ఈ ఒక్క మాట మనుషులకు అర్థమై ఉంటే నేను ఇంత చెప్పే అవసరం ఉండేది కాదు.

ఎక్కడ పుట్టానో సరిగా తెలియదు. పెద్ద షెడ్డు, చల్లటి గాలి, కదిలే పట్టీ మీద నాలాంటివి వరసగా. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక ఆడమనిషి ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూసేది. నాలో నీళ్ళు కారతాయా అని గాలి ఊది పరీక్ష చేశారు. కారలేదు. అట్టపెట్టెలో పెట్టి మూసేశారు. నా పుట్టుకలో ఇంతకు మించి విశేషం లేదు. మనుషుల పుట్టుకలోనూ ఉండదు, కాకపోతే వాళ్ళు పీపీలు ఊదించుకుంటారు.

మొదట విశాఖపట్నంలో జోగారావు అనే ఆయన ఇంటికి వెళ్ళాను. రేవులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆయన గురకకు పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవారు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ మిషను చూపించి, విమానంలో వాడే టెక్నాలజీ అని చెప్పేవాడు. హాయిగా నిద్రపోయేవాడు. పొద్దున్నే సముద్రం ఒడ్డున నడిచేవాడు. నడిచి నడిచి ఒళ్ళు తగ్గించాడు, జబ్బు తగ్గింది, మిషనుతో పని లేకపోయింది. అంతా తన క్రమశిక్షణ అని చెప్పుకున్నాడు. నాలో రోజూ నీళ్ళు పోసిందీ, పారబోసిందీ, కడిగి ఆరబెట్టిందీ ఆయన భార్య. ఆవిడ పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. మగవాడి తొట్టిలో ఆడది నీళ్ళు పోస్తుంది. అది లోకం రివాజు. ఆడదాని తొట్టిలో ఎవరు పోస్తారన్నది నాకు అప్పటికి తట్టలేదు.

మిషనును, నన్ను శ్రీకాకుళంలో ఒక సర్జికల్ దుకాణం వాళ్ళు తీసుకున్నారు. మిషను వేరేవాళ్ళకు పోయింది. నేను సొరుగులో పడి ఉన్నాను, చాలాకాలం. చీకటి, పొడి. తొట్టికి అంతకన్నా చావు లేదనుకున్నాను. ఉందని తరవాత తెలిసింది.

దుకాణంలో ఉపేంద్ర అని ఒకతను పనిచేసేవాడు. మిషన్లు అద్దెకిచ్చిన ఇళ్ళకు తిరిగి, బాగున్నాయా లేదా చూడటం అతని పని. ఒకరోజు నన్ను తీసి కడిగి, సంచీలో వేసుకుని పాలకొండ బస్సు ఎక్కాడు. అలా అసిరమ్మ ఇంటికి వచ్చాను.

అసిరమ్మ సారె వండే మనిషి. ఆ చుట్టుపక్కల ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు అరిసెలు, లడ్డూలు, జంతికలు, చలిమిడి బుట్టలకు బుట్టలు వెంట వెళ్ళాలి. అక్కడ ఇంటింటికీ పంచుతారు. ఆ పిండివంటను బట్టి పిల్లకు విలువ కడతారు. అసిరమ్మ అరిసె నోట్లో వేస్తే పళ్ళు అక్కర్లేదనేవారు. ఒక్కగానొక్క కూతురిని బరంపురం ఇచ్చినప్పుడు తన చేత్తోనే సారె వండి పంపుకుంది. ఇంత చేసినా ఊళ్ళో ఆ వంటకు పేరు దాలినాయుడు సారె. దాలినాయుడు ఆమె మొగుడు. ఆయన ఏనాడూ ఒక అరిసె తట్టలేదు. పని ఒప్పుకోవడం, బుట్టలు ఎక్కించడం, పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయన పని.

సారె పొయ్యి అర్ధరాత్రి దాటగానే వెలిగిస్తారు. మధ్యాహ్నానికి వంట ముగుస్తుంది. అసిరమ్మకు నిద్ర అప్పుడు. కానీ ఆ నిద్ర నిద్ర కాదు. కన్ను మూతపడగానే గొంతు మూసుకుపోయేది. గురక ఆగేది, ఊపిరీ ఆగేది. ఉలిక్కిపడి లేచేది, మళ్ళీ మూతపడేది. ఎంత పడుకున్నా తీరని నిద్ర మర్నాడు పొయ్యి దగ్గర తీర్చుకోబోయేది. చేతిలో చలిమిడి ముద్ద ఉండగానే తల వాలిపోయేది. ముందు గాడిపొయ్యి, దాని మీద మరిగే నూనె మూకుడు. పక్కన పిండి దంచే ఆడవాళ్ళు భుజం మీద చరిచి, "ఒలే అసిరీ, మూకుట్లో పడతావే" అని లేపేవారు. ఒకసారి మణికట్టు మూకుడు అంచుకు ఆనింది. ఆ మచ్చ నేను చూశాను. అప్పుడు కూతురు వచ్చి, పట్టుబట్టి శ్రీకాకుళం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు మిషను రాశాడు. నూనె దగ్గర కూర్చునే మనిషివి, ఇది లేకుండా పడుకోవద్దు అన్నాడు. కూతురు మిషను అద్దెకు కుదిర్చి బరంపురం వెళ్ళిపోయింది.

నేను లేకుండా వట్టి గాలి మిషను వచ్చిందన్నమాట. ఏం జరగాలో అదే జరిగింది. ఉపేంద్ర నన్ను సంచీలోంచి తీసేసరికి అసిరమ్మ మిషనుకు గుడ్డ కప్పి మూల పెట్టి ఉంది.

"ఏటమ్మా, పెట్టుకోడం నేదా?" అన్నాడు ఉపేంద్ర.

"ఎలగ పెట్టుకోమంతావు నాయినా. పెట్టుకుంతే నోరు ఇసక మేసినట్టుంతాది. ముక్కంట నెత్తురొత్తంది. పొయ్యి కాడ కూకున్నా ఇంతలాగ ఎండిపోను."

"అట్టుకుపోండి బాబూ దాన్ని," అన్నాడు దాలినాయుడు గుమ్మంలోంచి. "ఇది తొండం ఎట్టుకొని తొంగుంతే నాకు ఏనుగుని పెళ్ళాడినట్టున్నాది."

"ఏనుగైతే నీకే లాభం మావా. ఇంకో నాలుగు బుట్టలు మోసీది."

ఉపేంద్ర నవ్వి, నన్ను మిషనుకు తగిలించాడు. గీత దాకా నీళ్ళు పోశాడు. "గాలి పొడిగా ఉంటే ఎవులూ ఓర్సుకోలేరమ్మా. ఇదుంటే గాలికి తడి తగులుద్ది. మందుల షాపులో డిస్టిల్డ్ వాటరని అడుగు. దొరక్కపోతే కాసి సల్లార్సిన నీల్లు పోసుకో. రోజూ పారబోసి కడుగు. అందల ఇంకేటీ కలపకు. నీల్లే. ఉత్త నీల్లు."

"ఉత్త నీల్లేనా?" అన్నాడు దాలినాయుడు. మందు కాకపోయేసరికి ఆయనకు నా మీద గౌరవం పోయింది. మందంటే చేదుగా ఉండాలి, ఘాటుగా ఉండాలి. ఉత్త నీళ్ళతో బాగయ్యేది జబ్బే కాదని ఆయన నమ్మకం.

ఆ మధ్యాహ్నం అసిరమ్మ పడుకుంది. నేను వెచ్చబడ్డాను. గాలి నా మీదుగా వెళ్ళి ఆమె ముక్కులోకి, గొంతులోకి పోయింది. గురక రాలేదు. ఊపిరి ఆగలేదు. మనిషి ఊపిరి అంత తాపీగా సాగుతుంటే వినడం నాకు జోగారావు ఇంట్లో అలవాటే. కానీ ఆయన నిద్ర తిన్నది అరిగిన మనిషి నిద్ర. ఈమెది ఏళ్ళ తరబడి బాకీపడ్డ నిద్ర. దీపాలు పెట్టే వేళకు లేచింది. మంచం మీదే కాసేపు కూర్చుంది. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మావా, నా తలకాయి నా మెడ మీదే ఉన్నాది," అంది.

దాలినాయుడికి ఆ మాట అర్థం కాలేదు. నాకు అయింది.

తరవాత కొంతకాలం బాగా గడిచింది. నా జీవితంలో చెప్పుకోదగింది ఏమన్నా ఉంటే అదే. ఆమె పొయ్యి దగ్గర తూగడం మానేసింది. ఆడవాళ్ళు భుజం చరిచే అవసరం లేకపోయింది. పనినుంచి వస్తూనే చేతుల నూనె సున్నిపిండితో రుద్దుకుని, నన్ను కడిగి, నీళ్ళు పోసి, నడుం వాల్చేది. పెళ్ళిళ్ళు వరసగా తగిలిన రోజుల్లో మాత్రం వచ్చేసరికి కాళ్ళు నిలిచేవి కావు.

"మావా, రొండు గలాసుల నీల్లు అందల పోసీ. లెగలేకపోతన్నాను."

"ఆడదాని ముక్కులోకి నానేటి నీల్లు పొయ్యడం. నవ్వుతారు."

చూసేవాడు ఎవడూ లేడు. ఇంట్లో ఉన్నది ఆయన, ఆమె, నేను. అయినా ఆయన పొయ్యలేదు. ఆమె గోడ పట్టుకుని లేచి పోసుకునేది. దాలినాయుడు చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. తాగడు, కొట్టడు, పండక్కి చీర తెస్తాడు. అలాంటి మొగుడి మీద చెప్పుకోవడానికి ఆడదానికి మాట దొరకదు. దొరికినా వినేవాళ్ళు దొరకరు.

ఆయనకు ఉన్న భయం ఒక్కటే. సారె వండే చెయ్యి శుభమైన చెయ్యి అయి ఉండాలి. ముత్తయిదువ అయి ఉండాలి, ఇంట్లో మైల ఉండకూడదు, ఒంట్లో రోగం ఉండకూడదు. రోగిష్టి చేతి సారె తీసుకెళ్ళిన పిల్ల అత్తారింట్లో రోగిష్టి అవుతుందని అక్కడ అందరి నమ్మకం. పొయ్యి దగ్గర తుమ్మితేనే ఆ వాయి పక్కన పెట్టేస్తారు. అందుకని ఆయన మిషను సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా వాకిట్లోకి వస్తే దుప్పటి లాగి నా మీద కప్పేవాడు. రోగం ఉంటే రోగిష్టి. రోగానికి వైద్యం చేయించుకుంటే ఇంకా పెద్ద రోగిష్టి. మనుషుల తర్కం అది.

గెంబలివారి పిల్ల పెళ్ళి కుదిరింది. ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. ఆ యేటికి అదే పెద్ద సారె. అది చేతికొస్తే చుట్టుపక్కల ఇక తనకు ఎదురుండదని దాలినాయుడు అనుకున్నాడు. ఆ రోజుల్లోనే ఆయన అప్ప, అంటే అక్క, సూరీడమ్మ రాజాం నుంచి వచ్చింది.

సూరీడమ్మకు మరదలంటే ప్రేమ. అది అబద్ధం కాదు. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, అసిరమ్మ నాలో నీళ్ళు పోసి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. సూరీడమ్మ వచ్చి నా మూత తీసి చూసింది.

"ఓలమ్మ, ఉత్త నీల్లు. ఉత్త నీల్లకి ఏ రోగం పోద్ది. సంటి పిల్లలకైనా పసుపేసి కదా ఆవిరి పడతాం," అని తనలో తాను అనుకుంది.

పోపుల పెట్టెలోంచి పసుపు తెచ్చింది. దేవుడి గూట్లోంచి కర్పూరం తెచ్చింది. రెండూ నాలో వేసి, వేలితో కలిపి, మూత పెట్టింది. మంచి చేశానన్న తృప్తితో వెళ్ళి చాప మీద పడుకుంది. ఆ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ఏ పెద్దదైనా ఆ పనే చేసేది. ఆవిరి అంటే వాళ్ళకు జలుబుకు పట్టే ఆవిరే. ఉత్త నీటి ఆవిరి ఒకటి ఉంటుందని, అదే కావాలని ఎవరికీ తోచదు.

అసిరమ్మ వచ్చి ముసుగు తగిలించుకుంది. ఆ ముసుగునే ఆవిడ మొగుడు తొండం అనేవాడు. నేను వేడెక్కాను. కర్పూరం కరిగింది. నేను ఆపలేను. గాలి ఏది పట్టుకుంటే అది తీసుకెళుతుంది. నిద్రలోకి జారిన మనిషి గొంతు మంటెత్తి లేచింది. ముసుగు పీకేసి, కళ్ళు నీళ్ళు కారుతూ, ఊపిరి అందక దగ్గుతూ మంచం మీద ముడుచుకుపోయింది.

సరిగ్గా అప్పుడే గెంబలి సుభద్ర వచ్చింది. పెళ్ళికూతురి తల్లి. పళ్ళెంలో పసుపు కుంకుమ, తాంబూలం పెట్టుకుని సారెకు పిలవడానికి వచ్చింది. తలుపు తీసే ఉంది.

"ఏటిది అసిరమ్మా? ఆ గొట్టమేటి? ఆస్పత్రిలో సచ్చీవోలకి పెడతారు అలగ."

అసిరమ్మకు మాట రావడం లేదు. దాలినాయుడు పరిగెత్తుకొచ్చాడు. దుప్పటి కప్పడానికి ఆలస్యమైపోయింది. అప్పుడు ఆయనకు నేను కనపడ్డాను. పచ్చగా, ఘుమఘుమలాడుతూ. నన్ను మిషను నుంచి ఊడబీకి సుభద్ర ముఖం దగ్గర పెట్టాడు.

"జలుబమ్మా. ఆవిరి పడతంది. సూడండి, పసుపు, కర్పూరం. మా అప్పే ఏసినాది."

సుభద్ర వాసన చూసింది. "ఆవిరికి కరెంటు మిషనేటి నాయుడూ?"

"ఈ రోజుల్లో అన్నీ కరెంటే కదమ్మా. రోలు కరెంటు అవనేదేటి."

సుభద్ర నవ్వింది. నవ్వు పూర్తి కాకముందే ముఖం మళ్ళీ బిగించింది. "రోగమైతే ముందే సెప్పీ. మొకమాటం వొద్దు. మా పిల్ల ఎంట ఎల్లీ సారె. ఇంకోలని సూసుకుంతాం."

"రోగమా. దానికి రోగమేటమ్మా. రాయి."

రాయి మంచం మీద కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. సుభద్ర బొట్టు పెట్టి తాంబూలం చేతిలో పెట్టింది. అసిరమ్మ తీసుకుంది.

ఆ రోజుతో నేను పాడైపోయాను. అసిరమ్మ చింతపండుతో తోమింది, ఎండలో పెట్టింది. పసుపు పోలేదు, కర్పూరం అసలే పోలేదు. నా ఒంట్లో సన్నటి గీతలు పడ్డాయి. మర్నాడు మంచి నీళ్ళు పోసి పెట్టుకుంది. నేను వేడెక్కగానే పాత ఘాటు లేచి, ఆమె మళ్ళీ దగ్గుతూ లేచింది. నన్ను తీసేసి, నేను రాకముందు ఉన్న మూతే నా చోట బిగించింది. నేను లేకపోయినా మిషను గాలి ఊదుతుంది. పొడి గాలి.

"ఉపేంద్ర బాబుకి ఫోను సెయ్యి మావా. ఇంకో డబ్బా తెస్తాడు."

"ఈ సారె అయిపోనీ. ఆడు సంచీ అట్టుకొని ఈదిలో దిగితే గెంబలోలకి తెలవదేటి?"

ఫోను ఆయన జేబులో ఉండేది. నన్ను పెరటి కిటికీలో పెట్టారు. అక్కడినుంచి మంచం కనపడుతుంది.

పొడి గాలికి ఆమె ముక్కు మళ్ళీ పగిలింది. దిండు మీద నెత్తురు చూసి సూరీడమ్మ గుండెలు బాదుకుంది. "పెళ్ళోరి పిండి ముట్టీ మనిషికి నెత్తురేటే. తీసీ దాన్ని. తీసి అటకెక్కించీ." మిషను అటక మీదకు వెళ్ళింది. అదే మధ్యాహ్నం గురక మళ్ళీ మొదలైంది. గురక, దాని వెనక నిశ్శబ్దం, ఆ వెనక ఉలికిపాటు. కిటికీలో కూర్చుని ఎండిపోయిన నోటితో విన్నాను.

సారె దగ్గరికొచ్చింది. అసిరమ్మ మొగుడి ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పింది. బతిమాలినట్టు కాదు. పొయ్యిలో కట్టె తడిగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

"మావా, ఇను. ఆ గాలి నేకపోతే నాకు నిదర అవదు. నిదర అవకపోతే నూనె కాడ తూగుతాను. నీకు తెలుసు. ఒక డబ్బా తెప్పించు."

"నాలుగు రోజులు ఓపిక పట్టే. పెళ్ళి అయిపోతే ఒకటేటి, రొండు డబ్బాలు కొంతాను."

"రొండెందుకు. ఒకటి సాలు. ఇప్పుడు."

"దంపుడోల్లు పక్కనే ఉంతారు. లేపుతారు. నాను కూడా వత్తాను కదా."

ఆమె లేచి బియ్యం నానబోసింది.

ఆ రోజు నేను అక్కడ లేను. నాకు తెలిసిందంతా ఇంటికి వచ్చి చెప్పుకున్నవాళ్ళ మాటల వల్లే. గెంబలివారి దొడ్లో గాడిపొయ్యి తవ్వారు. అరిసెల వాయిలు నడుస్తున్నాయి. పిండి దంచే ఆడవాళ్ళను సుభద్ర భోజనాలకు పిలిచింది. ఒక్కసారే లేచారు. అసిరమ్మ, మీరెళ్ళండి, ఈ వాయి తీసి వస్తానంది. దాలినాయుడు పందిట్లో కుర్చీలో ఉన్నాడు. బుట్టలకు రంగు కాగితాలు అతికిస్తున్నవాళ్ళకు ఎలా అతికించాలో చెబుతున్నాడు. కేక కూడా పెద్దగా వినపడలేదట. కళ్ళు మూసుకునే మూకుట్లో పడిందని, పడ్డాకే తెరిచిందని, చెయ్యి కడుక్కోవడానికి అటు వచ్చి చూసిన పిండి దంచే ఆవిడ ఒకతె చెప్పింది. చెప్పి నోట్లో కొంగు కుక్కుకుంది.

విశాఖపట్నం ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంది. తిరిగి రాలేదు.

పెళ్ళి ఆగలేదు. ఆ పొద్దు ఆమె తీసిన అరిసెలన్నీ గెంబలివారు పొలం గట్టున గొయ్యి తీసి పూడ్చేశారు. కుక్కలకు కూడా వెయ్యలేదు. కుక్కలకు అరిష్టం తగులుతుందని కాబోలు. సారె దుకాణంలో కొన్నారు. అట్టపెట్టెల్లో వెళ్ళింది. అత్తారింట్లో ఎవరూ ఏమీ అనలేదట. ఇన్నేళ్ళూ ఏ విలువ కోసం ఆమె నూనె ముందు కూర్చుందో ఆ విలువ అట్టపెట్టెలో సరిపోయింది.

దినం నాడు సుభద్ర వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు.

"ఎంత పనయిపోనాది నాయుడూ. కానీ ఆ పొద్దే రోగమని సెప్పుంటే మేం పిలవకపోదుం. బతికుండీది కదా."

"రోగం కాదమ్మా," అన్నాడు దాలినాయుడు. "నిదర."

సూరీడమ్మ మాత్రం కారణం కనిపెట్టింది. "ఆ మిషనే తినీసినాది దాన్ని. గాలి ఊది ఊది మనిషిని గుల్ల సేసీసినాది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. అందరూ తల ఊపారు. కూతురు ఒక్కతె తల ఊపలేదు. తండ్రి ముఖం చూడకుండా బరంపురం బస్సెక్కింది.

తమ్ముడు ఒక్కడే అయిపోయాడని సూరీడమ్మ ఉండిపోయింది. తన ఊరినుంచి కోళ్ళను తెప్పించుకుంది. ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండాలంది. వాటికి నీళ్ళు పెట్టడానికి కిటికీలోంచి నన్ను తీసి పెరట్లో గోడవార పెట్టింది.

కొన్నాళ్ళకు మిషను తీసుకెళ్ళడానికి ఉపేంద్ర వచ్చాడు. సంగతి తెలియక వచ్చాడు. తెలిశాక అటక మీది మిషను తనే దించి, అరుగు మీద కూర్చుని దుమ్ము తుడిచాడు. లేచేటప్పుడు అడిగాడు.

"దీని నీల్ల డబ్బా ఏదండీ?"

దాలినాయుడు పెరటి వైపు చూశాడు. నా చుట్టూ కోళ్ళు ఉన్నాయి. "పోనాది," అన్నాడు.

"పాడైపోనాదా? ఒక్క ఫోను సెయ్యాల్సిందండీ. బస్సుకిచ్చీవోణ్ణి. రొండు గంటల్లో వచ్చీది."

"తెల్దు బాబూ నాకు."

అది అబద్ధం. ఆయనకు తెలుసు. ఆమె చెప్పింది. నేను కిటికీలోంచి విన్నాను. మనుషులు ఒకరినొకరు క్షమించుకుంటారని విన్నాను. అది వాళ్ళ వ్యవహారం. నేను తొట్టిని, నాకు ఆ సదుపాయం లేదు.

ఉపేంద్ర మిషను సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను.

ఇప్పుడు దాలినాయుడు పొద్దున్న లేవగానే చెంబుతో వచ్చి నాలో నీళ్ళు పోస్తాడు. ఒక్కరోజు మానలేదు. వాన రోజున కూడా గోనె కప్పుకుని వచ్చి పోశాడు. అప్ప చెయ్యబోతే వద్దంటాడు. పోసి కాసేపు నిలబడతాడు. ఏడవడు. సూరీడమ్మ వెనకనుంచి, "కోడికి సేసిన సాకిరీ పెళ్ళానికి సెయ్యలేకపోనావు," అంటుంది ఒక్కోసారి. ఆవిడకు నోటికి వచ్చింది అనడమే, అందులో ఉన్న నిజం ఆవిడకు తగలదు. ఆయనకు తగులుతుందో లేదో ఆయన వీపు చూసి నేను చెప్పలేను.

ఎండకు నా ఒంట్లో గీతలు పగుళ్ళయ్యాయి. ఈమధ్య అడుగు రేకు పక్కన చీలిక వచ్చింది. నాలో నీళ్ళు నిలవడం లేదు. పొద్దున్న ఆయన పోసినవి కాసేపటికే మట్టిలోకి దిగిపోతాయి. ఎండ నెత్తికెక్కేసరికి పొడిగా ఉంటాను. మధ్యాహ్నం ఆయన తలుపు దగ్గరకు వచ్చి చూస్తాడు. రెండడుగులు వేసి వంగితే నా కింద మట్టి తడిసి ఉండటం కనపడుతుంది. వంగడు. ఖాళీగా ఉంటే తాగాయని ఆయన లెక్క.

"తాగీసినాయి," అంటాడు లోపల ఉన్న అప్పతో. తలుపు మూసుకుంటాడు.

కోళ్ళు నోళ్ళు తెరుచుకుని, ఎండలో ఎగశ్వాస తీస్తూ నా చుట్టూ నిలబడి ఉంటాయి.